రత్నం బావగారి చేయి తప్పలేదు

మా బావగారు, పాలకొల్లు మోటారు సైకిలు మెకానిక్కుల్లో అందరికంటే పెద్దవారు, వెంకటరత్నం గారు ఇక లేరు. మంగళవారం ఉదయం నేను కొట్టు షట్టరు ఎత్తుతుంటే అక్క ఫోను చేసింది. "ఒరేయ్ సూరిబాబూ, మీ బావగారు కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలోనే ఉన్నారు, పిలిస్తే పలకడం లేదురా" అంది. కొట్టుకూ ఇంటికీ మధ్య రెండు సందులు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అంతా అయిపోయింది. డాక్టరు గారు వచ్చి చూసి, నిద్రలో నడిచినట్టు వెళ్లిపోయారమ్మా అన్నారు. ముందురోజు సాయంత్రం ఆరింటిదాకా స్పానరు పట్టిన మనిషి, నాతో టీ దగ్గర వాదన పెట్టుకుని గెలిచి వెళ్లిన మనిషి, తెల్లారేసరికి లేకపోవడమేమిటో నాకు ఎంతకీ అర్థం కాలేదు. ఆ రోజు మధ్యాహ్నం కూడా ఎవరో ఏదో అడిగితే "ఉండండి, బావగారిని కనుక్కుని చెబుతా" అన్నాను.

మెకానిక్కుల సంఘం వారు సంస్మరణ సంచిక వేస్తున్నామనీ, నాలుగు పుటలు రాయమనీ నన్నడిగారు. "అశ్రునయనాలతో" అని మొదలుపెడితే నిండుగా ఉంటుందని ఒకరు సలహా కూడా ఇచ్చారు. అశ్రువులకు కొదవేమీ లేదు గానీ, బావగారికి ఆడంబరం గిట్టదు. ఆయన షెడ్డు పక్కనే నేను స్పేర్ పార్టుల కొట్టు పెట్టినప్పుడు ఆహ్వాన పత్రికలో ఆయన పేరు ముందు "యంత్రవిద్యా విశారద" అని అచ్చు వేయించాను. ఆయన ఆ పత్రిక చేత్తో పట్టుకుని, "ఏమోయ్ సూరిబాబూ, ఈయనెవరు? మన వీధిలోనేనా ఉండేది? ఒకసారి పరిచయం చెయ్యి" అని వారం రోజులు నన్ను ఆటపట్టించారు. అయినా ఆ బిరుదు ఆయనకు తగినదేనని నేను ఆనాడూ వాదించాను, ఈనాడూ వాదిస్తాను.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మొన్నటి సంతాపసభలో, హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారొకరు మాట్లాడారు. పాతికేళ్లుగా బావగారి దగ్గరే బండి చేయించుకున్న మనిషి, ఆయనంటే ప్రాణం. "రత్నం గారి వంటి నిపుణుడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. ఆ ఒక్క వర్షాకాలం మాత్రం ఆయన చేయి కాస్త తప్పింది. చంద్రుడికైనా మచ్చ ఉంటుంది కదండీ" అన్నారు. సభలో చాలామంది తలలూపారు. నేను ముందువరసలో కూర్చుని, గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నాను. ఆ మచ్చ ఆయనది కాదు. ఎవరిదో నాకు తెలుసు. అది ఆయన పేరు మీద ఉండిపోకూడదనే ఇది రాస్తున్నాను. అయితే ఆ చేయి ఎటువంటిదో ముందుగా చెప్పాలి.

బావగారు అన్ని మరమ్మతులూ చేసేవారు గానీ, ఆయన కీర్తి క్లచ్ పనిలోనే. తెలియనివారికోసం ఒక ముక్క. ఇంజను బలాన్ని చక్రానికి అందించేది క్లచ్. అందులో పలచటి ప్లేట్లు కొన్ని ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని తిరుగుతాయి. ఆ పట్టు సడలితే ఇంజను ఊరంతా వినపడేలా అరుస్తుంది, బండి మాత్రం నింపాదిగా వెళుతుంది. దాన్నే క్లచ్ జారడం అంటాం. అలా కేక ఎక్కువ, కదలిక తక్కువ ఉన్న మనుషులు మా వీధిలోనూ కొందరున్నారు గానీ, సంస్మరణ సంచికలో వాళ్ల పేర్లెందుకు.

మనది బల్లపరుపు దేశం. కాలువ గట్టు తప్ప ఎత్తన్నది ఎరగం. అందువల్ల జారే క్లచ్ ఇక్కడ నెలల తరబడి బయటపడదు. యజమాని పెట్రోలు ఎక్కువ తాగుతోందని బండిని తిట్టుకుంటాడే తప్ప అసలు జబ్బు తెలుసుకోడు. అందుకని బావగారు కాలువ లాకుల దగ్గర వంతెనను తన పరీక్షాశాల చేసుకున్నారు. యజమానిని వెనక కూర్చోబెట్టుకుని, మూడో గేరులో వంతెన ఎక్కుతూ సగంలో ఒక్కసారిగా యాక్సిలరేటరు తిప్పేవారు. "చెవి ఇంజను మీద పెట్టండి, కళ్లు స్పీడు ముల్లు మీద పెట్టండి. మోత పెరిగి ముల్లు పెరక్కపోతే జారుతున్నట్టే. నేను చెప్పడం కాదు, మీరే చూసుకోండి" అనేవారు. తన రోగనిర్ణయానికి రోగినే సాక్షిగా తెచ్చుకునే వైద్యుణ్ణి నేను మరొకర్ని చూడలేదు.

జారుతోందని తేలినా వెంటనే విప్పేవారు కాదు. ఒకసారి కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన వచ్చి, క్లచ్ ప్లేట్లు పోయాయి, కొత్తవి వేసేయండి అని పట్టుబట్టారు. నేను అప్పటికే అలమరలోంచి ప్లేట్ల సెట్టు తీసి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టాను. బావగారు ఆయన బండి హ్యాండిలు దగ్గర వంగి, క్లచ్ లివరు మొదట్లో వేలితో తడిమి చూశారు. లివరు వదిలేసినప్పుడు అక్కడ రూపాయి బిళ్ల మందాన ఖాళీ ఉండాలి. ఈయన లివరు బిర్రుగా ఉంటే బాగుంటుందని ఇంటి దగ్గర తనే నట్టు బిగించుకున్నారు. దాంతో కేబులు ఎప్పుడూ లాగినట్టే ఉంటోంది, ప్లేట్లు పూర్తిగా కలవడం లేదు. బావగారు నట్టు వదులు చేసి, జేబులోంచి రూపాయి తీసి ఆ సందులో పెట్టి చూపించి, వంతెన దాకా తిప్పి తెచ్చారు. జారడం పోయింది. వ్యాపారి దండం పెట్టి వెళ్లిపోయారు. నా ప్లేట్లు మళ్లీ అలమర ఎక్కాయి.

"బావగారూ, మీ పక్కన కొట్టు పెట్టుకోవడం నా ఖర్మండీ. ఆయన అడిగింది అమ్మితే మీ సొమ్మేం పోయింది?" అన్నాను ఉక్రోషంగా.

"అడిగింది ఇవ్వడానికి నువ్వు గుమాస్తావా? తణుకులో బట్టల కొట్లో చేసి చేసి నీకా అలవాటు పోలేదోయ్. చీరైతే అడిగిన రంగివ్వాలి. బండికి కావలసిందివ్వాలి" అన్నారు. నాకు కోపం వచ్చింది.

ఇక విప్పక తప్పదన్నప్పుడు ఆయన పని చూడవలసిందే. షెడ్డు గచ్చు మీద తడిపి పిండిన గోనెపట్టా పరిచి, దాని మీద శుభ్రమైన బట్ట వేసి, ఊడదీసిన ప్రతి వస్తువునూ వచ్చిన వరుసలోనే పేర్చేవారు. స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూసేవారు. ఇనప ప్లేట్లను పాత అద్దం ముక్క మీద పరిచి, ఎక్కడైనా వెలుతురు దూరుతోందా అని చూసేవారు. వేడికి నీలం తిరిగినదాన్ని పక్కన పడేసేవారు. కొత్త ప్లేట్లు వేయవలసి వస్తే, కొంతసేపు నూనెలో నాననిచ్చి గానీ బిగించేవారు కారు. ఎంత పెద్దమనిషి నిలబడి తొందర పెట్టినా "పొడిగా వేస్తే మొదటి వంతెనకే కాలిపోతాయండీ, కూర్చోండి, టీ తాగుదాం" అనేవారు. నాగలి పట్టిన రైతూ, కారులో దిగిన చేపల చెరువుల ఆసామీ షెడ్డు ముందు బల్ల మీదే పక్కపక్కన కూర్చుని టీ తాగడం నేను ఎన్నోసార్లు చూశాను.

జబ్బు బండిలో కాక మనిషిలో ఉంటే అదీ చెప్పేవారు. పైన చెప్పిన మాస్టారుకి క్లచ్ మీద నుంచి వేళ్లు తీయని అలవాటు. ఆరునెలలకోసారి ప్లేట్లు అరిగిపోయేవి. ఒకరోజు బావగారు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, "మాస్టారూ, బళ్లో పిల్లాడి చెవి పట్టుకున్నట్టు ఎంతసేపూ క్లచ్ పట్టుకుంటే ఎలాగండీ? ఒక్కసారి వదిలి చూడండి, అదే బుద్ధిగా నడుస్తుంది" అన్నారు. మాస్టారు నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ తరవాత ఆయన బండికి మూడేళ్లు ప్లేట్లు మార్చలేదు. నాకు మరో బేరం పోయింది.

"బండి అబద్ధం చెప్పదు, మనమే పూర్తిగా వినం" అని ఆయన తరచూ అనేవారు. "తెలియకపోతే తెలియదను, గంట పోతుంది. తెలుసంటే బండి పోతుంది" అన్నదీ ఆయనే. ఇంతటి మనిషికి చేయి తప్పిందంటే నమ్మారు చూడండి, అదీ నా బాధ.

ఇప్పుడు ఆ వర్షాకాలం సంగతి.

నేను కొట్టు పెట్టి రెండో ఏడాది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, రత్నం గారి బావమరిది కొట్టు అన్న పేరుతోనే నా బేరాలు నడిచేవి. ఆ జూన్‌లో ఒక డ్రమ్ము ఇంజను ఆయిలు చవగ్గా దొరికితే కొన్నాను. కారు బొమ్మ ఉంది దాని మీద. చూశాను. నూనె నూనే కదా అనుకున్నాను. ఆటోవాడు దించినప్పుడు ఆ బొమ్మ గోడవైపుకి పడింది. నేను తిప్పలేదు. బావగారు అడిగితే "బళ్లకేనండి, మంచి సరుకు" అన్నాను. వేరే ఎవరి దగ్గర కొన్నా డబ్బా మీది ప్రతి అక్షరం చదివే మనిషి, ఇంటివాడు చెప్పాడు కదా అని చదవకుండా పోశారు. మన వైపు చుట్టరికానికి అంత విలువ ఉంది మరి.

కారు క్లచ్ ఇంజను నూనెకు దూరంగా, పొడిగా ఉంటుంది. మోటారు సైకిలు క్లచ్ ఆ నూనెలోనే మునిగి తిరుగుతుంది. కారు నూనెల్లో కొన్నిటికి ఇంజను తేలిగ్గా తిరగాలని ఎక్కువ నున్నదనం తెచ్చే మందులు కలుపుతారు. ఆ నున్నదనం ఇంజనుకు మేలే గానీ, మా బళ్ల ప్లేట్లకు పట్టు తప్పించేస్తుంది. ఇదంతా నాకు తరవాత తెలిసిన విద్య.

నెల తిరిగేసరికి, బావగారు సర్వీసు చేసిన బళ్లు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. అన్నిటిదీ ఒకటే ఫిర్యాదు, క్లచ్ జారుతోందని. ఆయన లివరు చూశారు, సరిగ్గా ఉంది. విప్పి ప్లేట్లు చూశారు, నీలం లేదు, అరుగుదల లేదు. స్ప్రింగులు సమానంగా ఉన్నాయి. కడిగి బిగిస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ జారేది, ఎందుకంటే కడిగాక మళ్లీ పోసేది నా నూనే. ఆ రోజుల్లో ఆయన అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది.

అప్పుడే గంగరాజు గారి సంగతి జరిగింది. ఆయనది నరసాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు. తెల్లవారుజామునే రేవులో చేపలు కొని, ఐసు పెట్టె వెనక కట్టుకుని పాలకొల్లు మార్కెట్టుకు తెచ్చి అమ్ముకుంటారు. జోరువానలో, నిండు పెట్టెతో లాకుల వంతెన ఎక్కలేక ఆయన బండి నిలిచిపోయింది. ఇంజను అరుస్తుంటే బండి వెనక్కి జారింది, పెట్టె ఒరిగి చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. తడిసిన బట్టలతోనే షెడ్డుకు వచ్చి, "ఏంటండీ ఇది? రెండుసార్లు చేశారు, రెండుసార్లూ ఇంతే. మీ చెయ్యి మంచిదని నమ్మి వచ్చానండి. ఇంక మీ దగ్గరికి రాను" అన్నారు. బావగారు, "మీరన్నది నిజమేనండి. బండి ఉంచండి, చూస్తాను" అన్నారు. గంగరాజు గారు ఉంచలేదు. బండి తోసుకుంటూ వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక బావగారు పలకాబలపం తీసుకుని, వెనక్కి వచ్చిన బళ్లన్నీ రాశారు. కంపెనీలు వేరు, మనుషులు వేరు, ప్లేట్లు వేరు. అన్నిటికీ కలిసింది ఒక్క నూనె మాత్రమే. లేచి నా కొట్లోకి వచ్చారు. డ్రమ్మును రెండు చేతులతో పట్టి ఇటు తిప్పారు. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. కొట్లో మేమిద్దరమే ఉన్నాం.

"కారు బొమ్మ నువ్వు చూడలేదా?"

"చూశానండి. నూనె నూనే కదా అనుకున్నాను."

"మీ అక్క పోపులోకి నూనె అడిగితే ఆముదం పోస్తావా? అదీ నూనేగా!" అన్నారు. ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదలు, అదే ఆఖరు. కాసేపటికి స్టూలు లాక్కుని కూర్చున్నారు. "డబ్బా చదవకుండా నూనె పోసిన మెకానిక్కుదీ తప్పే. ఇందులో సగం నాది, సగం నీది. నా సగం నేను చెప్పుకుంటాను. నీ సగం నువ్వు చెప్పుకో. నీ తరపున నేను చెప్పను, నీకు నోరు వచ్చినప్పుడు నువ్వే చెప్పు" అన్నారు.

మర్నాటినుంచి ఆ బళ్లన్నిటినీ పిలిపించి, నూనె తీసేసి, ప్లేట్లు పెట్రోలుతో కడిగి, బాగుపడనివాటికి కొత్తవి వేసి, సరైన నూనె పోసి, వంతెన ఎక్కించి చూపించి పంపారు. అడిగినవారందరికీ "పొరపాటు నా షెడ్డులో జరిగిందండి, నేనే సరిచేస్తున్నాను" అన్నారు. అది అక్షరాలా ఆయన సగం. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. కొత్త కొట్టు, ఇద్దరు పిల్లలు, జనం రావడం మానేస్తారన్న భయం. ఇవన్నీ సాకులే. సగమే విన్న ఊరు అదే మొత్తమనుకుంది. కొందరు వేరే షెడ్డులు చూసుకున్నారు. పోయిన పని గురించి ఆయన ఒక్క మాట అనలేదు, నాకు గుర్తు చేయనూ లేదు. పదేళ్లు దాటింది. ఆ పదేళ్లూ నా కొట్టు బాగానే నడిచింది.

నిన్న గంగరాజు గారి ఊరు వెళ్లాను. ఐసు పెట్టె కడుక్కుంటున్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెట్టె బోర్లించి పెట్టారు. తరవాత, "రత్నం గారు ఆ ఏడు రెండుసార్లు మా రేవుకొచ్చారండి, సంచిలో సామాను పెట్టుకుని. బండి సరిచేస్తానన్నారు. నేను ముట్టుకోనివ్వలేదు. రెండోసారి ఎండలో గంటసేపు నిలబడ్డారండి" అన్నారు. ఈ సంగతి బావగారు నాకు ఏనాడూ చెప్పలేదు. అంత దూరం వెళ్లి రెండుసార్లు తలవంచుకుని వచ్చింది నా సగానికి కూడా అని ఇప్పుడు తెలిసింది.

కనుక మాస్టారు గారికీ, సభలో తలలూపిన పెద్దలకూ సవినయంగా, గట్టిగా చెబుతున్నాను. ఆ వర్షాకాలం వెంకటరత్నం గారి చేయి తప్పలేదు. ఆయన బిగించిన ప్రతి ప్లేటూ సరిగ్గానే బిగించారు. ఆ నూనె నేను తెచ్చాను. బొమ్మ చూసి తెచ్చాను. బళ్లకేనని నా నోటితో చెప్పాను. ఎవరికి సందేహమున్నా నా కొట్టుకు రండి, ఎంతమంది వస్తే అంతమందికీ చెబుతాను. ఈ విషయంలో నాకిప్పుడు భయం లేదు. ఒక మచ్చలేని మనిషిని మచ్చతో సాగనంపడం కంటే కొట్టు మూసుకోవడం నయం.

అటువంటి నిపుణులు ఇకముందు పుట్టరా అంటే పుడతారేమో. కొత్త బళ్లు వస్తాయి, క్లచ్చే లేని బళ్లు ఇప్పటికే వచ్చాయి. కానీ పక్కవాడి తప్పును తన నోటితో బయటపెట్టకుండా, తన తప్పును ఒక్క పిసరు దాచకుండా, అంత నిబ్బరంగా బతికే మనిషి మళ్లీ మా వీధికి రాడని నేను రాసి ఇవ్వగలను. ఆ మహానుభావుడి పక్క కొట్లో పన్నెండేళ్లు కూర్చున్నాను. ఆయనకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

అచ్చుకు పంపేముందు ఈ కాగితాలు అక్కకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"నాకు తెలుసురా తమ్ముడూ. ఆయన చెప్పలేదు గానీ, ఆ డ్రమ్ము ఇటు తిప్పాక కారు బొమ్మ నేనూ చూశాను. పోయిన పండక్కి కూడా అడిగాను, ఇంకా ఎన్నాళ్లు ఊరుకుంటారండీ అని. వాడే చెప్తాడు, నేనుండగానే చెప్తాడు అన్నారు."